వేటకీ సాగుకీ మధ్య ఒక మాట



ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మన తూర్పు తీరంలో మరబోట్లు సముద్రం మీదికి వెళ్లకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఆ విరామం. ఆ రోజుల్లో ఒకసారి గిలకలదిండి రేవుకు వెళ్లాను. బందరు పట్టణం దాటి సముద్రం వైపు సాగితే వచ్చే ఊరు అది. పోటుకు నిండి, పాటుకు తీసే ఉప్పుటేరు ఒడ్డున బోట్లన్నీ వరసగా కట్టేసి ఉన్నాయి. కొన్నింటికి రంగులు వేస్తున్నారు. తాటాకు పందిరి కింద ఒక పెద్దాయన కాలి బొటనవేలికి వల కొస తగిలించుకుని, చిరిగిన కన్నులు అల్లుతున్నాడు. పక్కనే ఒక కుక్క ఆయన మోకాలికి వీపు ఆనించి పడుకుంది.

మాటల మధ్య నేను అడిగాను. "బాబాయ్, చుట్టుపక్కల అందరూ రొయ్యల చెరువులు వేస్తున్నారు గదా, మీరెప్పుడూ అటు వెళ్లలేదా?"

ఆయన చేతిలో పని ఆపకుండానే చెప్పాడు. "అది సాగు బాబూ. మాది వేట. సాగు చేసేవోడికి చెరువులో ఏం పోసిందీ తెలుసుద్ది. మాకు వల పైకొచ్చేదాకా తెలవదు."

ఇంటికి వచ్చినా ఆ రెండు మాటలు నన్ను వదల్లేదు. సాగు, వేట. సముద్రం మీదికి వెళ్లే మనిషి చేపలు పట్టడానికి వెళ్తున్నానని అనడు, వేటకు వెళ్తున్నానంటాడు. అడవిలో వేట ఎప్పుడో ఆగిపోయింది. సముద్రంలో మాత్రం ఇంకా సాగుతోంది. ఒడ్డుకు ఇవతల, కిలోమీటరు దూరం కూడా లేకుండా, రొయ్యల చెరువు మొదలవుతుంది. అక్కడ అదే రొయ్య పంట. ఒకవైపు వేట, ఒకవైపు సాగు, మధ్యన ఒక మట్టికట్ట. మనిషి వేల ఏళ్ల చరిత్ర ఆ కట్టకు అటూ ఇటూ కనిపిస్తుంది.

ఈ కట్ట దాటించే పనికి ఇంగ్లీషులో ఒక మాట ఉంది. టేమ్. దాని తోబుట్టువులా వాడే మరో మాట డొమెస్టికేట్. మన పాఠ్యపుస్తకాల్లో, పత్రికల్లో ఈ రెంటికీ ఒకటే అనువాదం కనిపిస్తుంది: మచ్చిక చేయడం. ఏనుగును మచ్చిక చేశారు, కుక్కను మచ్చిక చేశారు, వరిని కూడా మచ్చిక చేశారు. వరిని మచ్చిక చేయడమేమిటి అని చదువుతున్నప్పుడు మనసు ఒక్క క్షణం ఆగుతుంది. ఆగడం సరైనదే. ఈ పూట ఆ ఆగిన చోటి నుంచే మీతో మాట్లాడదామని వచ్చాను.

ముందు టేమ్ సంగతి చూద్దాం. తెలుగు తీరంలో ఇంగ్లీషు వర్తకులు తొలి రోజుల్లో స్థిరపడిందీ ఈ బందరులోనే. 1611లో ఈస్టిండియా కంపెనీ ఇక్కడ వర్తకశాల పెట్టుకుంది. ఆ రోజుల్లో గోల్కొండ రాజ్యానికి పెద్ద రేవు ఇది. కలంకారీ బట్టలు, వజ్రాలు ఇక్కడి నుంచి ఓడలెక్కేవి. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిన వజ్రాల్ని ఇంగ్లీషువాళ్లు డైమండ్ అన్నారు. ఆ మాట పుట్టుక చూడండి. గ్రీకు భాషలో అడమాస్ అనే మాట నుంచి వచ్చింది. అడమాస్ అంటే లొంగనిది, ఏ దెబ్బకూ దారికి రానిది. అందులోని దమ్ అనే ధాతువూ, ఇంగ్లీషు టేమ్‌లోని ధాతువూ ఒకటే. మన సంస్కృతంలో దమం, దమనం అంటున్నామే, అదీ ఆ ధాతువే. శమదమాలు అంటాం. ఇంద్రియాలను అదుపులో పెట్టుకున్నవాణ్ణి దాంతుడు అంటాం. కాడి కట్టే వయసుకు వచ్చిన కోడెదూడకు అమరకోశంలో దమ్యం అని పేరు. అంటే బందరు రేవులో ఇంగ్లీషువాడు డైమండ్ అని బేరమాడినప్పుడు, మన శాస్త్రులుగారు గుళ్లో శమదమాల గురించి చెప్పినప్పుడు, ఇద్దరి నోటా ఒకే పాత మాట పలికిందన్నమాట. ఇద్దరికీ ఆ సంగతి తెలియదు.

ఇంకో చోటికి రండి. నలదమయంతుల కథ తెలియని తెలుగువారు ఉండరు. దమనుడనే ముని వరం వల్ల విదర్భ రాజుకు పుట్టిన కూతురు దమయంతి. ఆమె అన్నదమ్ములు దముడు, దాంతుడు, దమనుడు. ఆ ఇంటి పిల్లలందరి పేర్లలోనూ అదుపు చేయడమే ఉంది. ఆ అమ్మాయి వరించిన నలుడికి ఒక విద్య వచ్చు. గుర్రాల విద్య. ఆ విద్యకు భారతంలో ఉన్న పేరు నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగిస్తుంది. అశ్వహృదయం. గుర్రాన్ని లొంగదీయడం అనలేదు, గుర్రం గుండె తెలుసుకోవడం అన్నారు. ఈ తేడాను గుర్తుంచుకోండి. మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

రెండో మాట డొమెస్టిక్. లాటిన్‌లో డోమస్ అంటే ఇల్లు. వేదభాషలో కూడా దమ అంటే ఇల్లే. దంపతి అంటే మొదట ఇంటి యజమాని. ఆ తర్వాత ఇల్లు నడిపే ఇద్దరూ దంపతులయ్యారు. మనం శుభలేఖల మీద రోజూ అచ్చువేసే మాటలో ఆ పాత ఇల్లు ఇంకా నిలిచే ఉంది. ఇల్లు అనే ధాతువు, లొంగదీయడం అనే ధాతువు మొదట్లో ఒకటేనా, వేరువేరా అన్న విషయంలో భాషాశాస్త్రవేత్తలు ఇంకా ఒక మాట మీదికి రాలేదు. కానీ ఇంగ్లీషులో మాత్రం ఈ రెండూ పక్కపక్కన చేరి, ఇంట్లోకి తేవడమూ లొంగదీయడమూ ఒకటే అన్నట్టు అయిపోయాయి.

ఈ మాటలు ఇప్పుడు మన నోట ఎలా తిరుగుతున్నాయో చూద్దాం. వంటగ్యాసు ఏజెన్సీకి వెళ్తే డొమెస్టిక్ సిలిండరా, కమర్షియలా అని అడుగుతారు. కరెంటు మీటరుకూ అదే ప్రశ్న. అక్కడ డొమెస్టిక్ అంటే ఇంటి వాడకానిది. విమానాశ్రయంలో డొమెస్టిక్ అంటే దేశం లోపలిది. ఆర్థిక లెక్కల్లో స్థూల దేశీయోత్పత్తి అంటాం, అక్కడా దేశమే. 2005లో వచ్చిన చట్టానికి తెలుగులో గృహహింస చట్టం అని పేరు, అక్కడ మళ్లీ ఇల్లు. జంతువు విషయానికి వస్తే పెంపుడు అంటాం. ఒక్క ఇంగ్లీషు మాటకు మనం గృహ, దేశీయ, పెంపుడు అని మూడు మాటలు వాడుతున్నాం. ఇది మంచి అలవాటు. మాట ఎక్కడ నిలబడి ఉందో చూసి మరీ అనువదిస్తున్నాం.

టేమ్ దగ్గర కూడా తెలుగు అంతే చురుగ్గా ఉంది. ఇంగ్లీషు పత్రిక ధరలను టేమ్ చేయాలని రాస్తే, మన పత్రిక ధరలకు కళ్లెం వేయాలని రాస్తుంది. మాట వినని మనిషికి ముకుతాడు వేయాలంటాం. అవినీతి మీద అంకుశం అంటాం. పదవిలోకి వచ్చినవాళ్లు పగ్గాలు చేపట్టారంటాం. గుర్రానికి కళ్లెం, ఎద్దుకు ముకుతాడు, ఏనుగుకు అంకుశం, బండికి పగ్గం. ఎవరికి ఏ పనిముట్టు కావాలో తెలిసిన వ్యవసాయదారుల భాష మనది. ఇంగ్లీషు మాట ఫలితాన్ని చెబుతుంది, తెలుగు మాట చేతిలోని తాడును చూపిస్తుంది. క్రికెట్ ఆట చప్పగా ముగిస్తే ఇంగ్లీషు వ్యాఖ్యాత టేమ్ డ్రా అంటాడు. మనం చప్పిడి అంటాం. లొంగినది చప్పబడిపోతుందని ఇంగ్లీషువాడి లెక్క. మచ్చికైనది చప్పనిదని తెలుగులో ఎవరమూ అనుకోం.

ఇంగ్లీషు సాహిత్యంలో ఈ మాటకు ఒక చేదు వాడుక కూడా ఉంది. షేక్‌స్పియర్ నాటకం ది టేమింగ్ ఆఫ్ ది ష్రూ. నోరున్న ఆడపిల్లను భర్త ఆకలితో, నిద్రలేమితో దారికి తెచ్చే కథ. డేగను వేటకు తర్ఫీదు ఇచ్చే పద్ధతినే భార్య మీద వాడతాడు. నాలుగు వందల ఏళ్ల నాటి నాటకమని సరిపెట్టుకోవచ్చు. కానీ కోడలిని దారిలో పెట్టాలి, పెళ్లాన్ని అదుపులో పెట్టుకోవాలి అనే మాటలు మన ఇళ్లల్లో ఈనాటికీ వినిపిస్తున్నాయి. మనిషి విషయంలో ఈ మాటకు చోటు లేదు. ఆ సంగతి ఇక్కడే గట్టిగా చెప్పి ముందుకు వెళ్తాను.

ఇక మన మచ్చిక. ఈ మాటకు పాత నిఘంటువుల్లో చనువు, స్నేహం, ప్రేమ అనే అర్థాలు కూడా ఉన్నాయి. మాలిమి అన్నా అంతే. పక్కింటి చంటిపిల్ల నాలుగు రోజులు ఎత్తుకునేసరికి మనల్ని చూసి చేతులు చాపితే, పిల్ల నాకు బాగా మాలిమి అయిందంటాం. ఇంగ్లీషులో పసిపిల్లను టేమ్ అంటే తప్పు మాట అవుతుంది. తెలుగులో ముద్దు మాట.

ఈ మాట వాక్యంలో ఎలా కూర్చుంటుందో ఒకసారి చూడండి. కుక్క నాకు మచ్చికైంది అంటాం. వాక్యంలో ముందు కుర్చీ కుక్కది. అయింది అన్న పనీ దానిదే. నేను నాకు అనే చోట, పక్కన ఉన్నాను. నా ప్రయత్నం చెప్పాల్సివస్తే మచ్చిక చేసుకున్నాను అంటాం. ఆ చేసుకోవడంలో నా వైపు నుంచి కూడా ఒక మార్పు ఉంది. స్నేహం చేసుకున్నాం, అలవాటు చేసుకున్నాం అన్నట్టే ఇది కూడా. మచ్చిక అనేది ఒకరు ఇంకొకరికి చేసే పని కాదు, ఇద్దరి మధ్య పడే ముడి. ఆ రేవులో వల అల్లే పెద్దాయన మోకాలికి ఆనుకుని పడుకున్న కుక్కకు మెడలో పట్టా లేదు, తాడు లేదు. బోటు తిరిగి వచ్చే వేళకు అది వచ్చి నిలబడుతుంది. ఆయన ఒక చిన్న చేపను దాని ముందు వేస్తాడు. వాళ్లిద్దరి మధ్య ఉన్నది అదే. నలుడి విద్యకు హృదయం అని పేరు పెట్టినవారికి ఈ సంగతి బాగా తెలుసు.

ఇంకొక విశేషం. లాటిన్ జంతువును ఇంట్లోకి తెచ్చింది. తెలుగు ఊళ్లోకి తెచ్చింది. అడవి పంది, ఊర పంది. ఊర కుక్క. ఇంగ్లీషులో హౌస్ స్పారో అనే పక్షికి మనం పెట్టుకున్న పేరు ఊర పిచ్చుక. వాళ్లకు అది ఇంటి పక్షి, మనకు ఊరి పక్షి. వేదవాఙ్మయంలో కూడా పశువుల్ని గ్రామ్యాలు, ఆరణ్యాలు అని విడదీశారు. ఊరివి, అడవివి. ఇంటి జంతువైతే ఇంటి యజమానిదే బాధ్యత. ఊరి జంతువైతే ఊరందరిదీ. ఊర కుక్కకు ఏ ఇల్లూ సొంతం కాదు, అయినా నాలుగిళ్ల ముద్ద దానిదే. ఊరుమ్మడి చెరువు, ఊరుమ్మడి బీడు ఉన్న నేలలోనే ఇలాంటి పేర్లు పుడతాయి.

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. మచ్చిక వేరు, జాతిని పెంపకంలోకి తేవడం వేరు. మచ్చిక ఒక ప్రాణి ఆయుష్షుతో ముగుస్తుంది. పెంపకం వంశంలో ఇంకుతుంది. గుడిలో ఏనుగు మావటి మాట వింటుంది. ఆ ఏనుగు రక్తం మాత్రం అడవి ఏనుగు రక్తమే. దాని పిల్లను మళ్లీ మొదటి నుంచి మచ్చిక చేసుకోవాలి. వేల ఏళ్లుగా మనిషితో ఉన్నా, ఆసియా ఏనుగును మనం తరతరాలుగా ఏరి పెంచి మార్చలేదు. ఏనుగు మచ్చికైంది, పెంపుడు జాతి కాలేదు.

పెంపకం వంశాన్ని ఎలా మారుస్తుందో ఒక ప్రయోగం చూపించింది. 1959లో సోవియట్ దేశంలో, సైబీరియాలోని నొవొసిబిర్స్క్‌లో, ద్మిత్రి బెల్యాయెవ్ అనే జన్యుశాస్త్రవేత్త వెండి నక్కలతో ఆ పని మొదలుపెట్టాడు. బొచ్చు కోసం పెంచే ఫారాల్లో, మనిషి చెయ్యి చాపితే కరవకుండా, పారిపోకుండా ఉన్న నక్కల్ని మాత్రమే ఏరాడు. వాటి పిల్లల్లో మళ్లీ అలాంటివే ఏరాడు. ఏరింది ఒక్క స్వభావాన్నే. రంగు చూడలేదు, రూపం చూడలేదు. కొన్ని తరాలు గడిచేసరికి తోక ఆడిస్తూ మనిషి దగ్గరికి పరుగెత్తుకొచ్చే నక్కపిల్లలు పుట్టాయి. కొన్నింటికి చెవులు వాలాయి, ఒంటి మీద తెల్లమచ్చలు వచ్చాయి, తోకలు పైకి చుట్టుకున్నాయి. బెల్యాయెవ్ 1985లో చనిపోయాక, ఆయన సహచరి ల్యుద్మిలా త్రూత్ ఆ పనిని ముందుకు తీసుకుపోయింది. ఆ మార్పుల్లో కొన్ని అంతకుముందే ఆ ఫారం నక్కల్లో ఉన్నాయని తర్వాతి శాస్త్రవేత్తలు సరిచేశారు. స్వభావం తరాల మీద మారుతుందన్న సంగతి మాత్రం నిలబడింది.

మనకు ఒక సామెత ఉంది, కుక్క తోక వంకర అని. ఎంత సరిచేసినా మారని బుద్ధికి ఆ పోలిక చెబుతాం. తోడేలుకు తోక అలా చుట్టుకుని ఉండదు. కనీసం 15,000 ఏళ్లుగా మనిషి పక్కన బతికిన కుక్కకే ఆ వంకర. అంటే మనం మారని గుణానికి గుర్తుగా చెప్పుకునే ఆ తోకే, ఒక అడవి ప్రాణి మన కోసం ఎంత మారిందో చెప్పే గుర్తు. నాకు ఈ సంగతి తెలిసిన రోజు నుంచి ఆ సామెత వాడటానికి మనసు రావడం లేదు.

ఇక మన చెరువుల దగ్గరికి రండి. ఏనుగు మచ్చికైనా పెంపుడు జాతి కాలేదన్నాను. దానికి సరిగ్గా ఎదురు ఉదాహరణ బందరు, అవనిగడ్డ, నాగాయలంక చుట్టూ ప్రతి చెరువులోనూ ఉంది. అది వనామీ రొయ్య. అది పూర్తిగా పెంపుడు జాతి. మచ్చిక మాత్రం ససేమిరా కాదు. గట్టు మీద మీ నీడ పడితే చాలు, నీళ్ల మీద చిటపటలాడుతూ ఎగిరి పారిపోతుంది.

మొదట్లో మన తీరాన చెరువుల్లో పెంచింది టైగర్ రొయ్యను. ఒంటి మీద చారలున్న మన సముద్రపు రొయ్య. తొలి రోజుల్లో ఉప్పుటేర్లలో పోటుతో పాటు కొట్టుకొచ్చే పిల్లల్ని ఆడవాళ్లు, పిల్లలు సన్నకన్ను వలలతో ఏరి, గిన్నెల్లో లెక్కపెట్టి అమ్మేవాళ్లు. తర్వాత హేచరీలు వచ్చాయి. అయినా తల్లి రొయ్య సముద్రం నుంచే రావాలి. వేటకు వెళ్లిన బోటుకు గుడ్లతో నిండిన తల్లి దొరికితే ఆ రోజు పండగే. ఒక్క రొయ్యకు వేలల్లో ధర పలికేది. అంటే చెరువులో సాగు నడుస్తున్నా దాని వేరు వేటలోనే ఉండేది. సముద్రపు తల్లితో పాటు సముద్రపు జబ్బు కూడా చెరువుకు వచ్చింది. 1994, 1995లో తెల్లమచ్చ వైరస్ ఆంధ్ర తీరాన్ని ఊడ్చేసింది. సాయంత్రం మేత తిన్న రొయ్య తెల్లవారేసరికి గట్టు పక్కకు చేరి తేలిపోయేది. పొలం తవ్వి చెరువు చేసిన ఎన్నో కుటుంబాలు అప్పుల్లో పడ్డాయి.

వనామీ మన సముద్రానిది కాదు. మెక్సికో నుంచి పెరూ దాకా పసిఫిక్ తీరం దాని పుట్టిల్లు. అది తొట్లలోనే గుడ్లు పెడుతుంది. ఒత్తుగా పోసినా తట్టుకుంటుంది. అడుగున బురదలో దాక్కోకుండా నీళ్లంతటా తిరుగుతుంది. అమెరికాలో, ముఖ్యంగా హవాయి దీవుల్లో, జబ్బులు లేని తల్లుల వంశాల్ని తరాల తరబడి ఏరి పెంచారు. ఎదుగుదల బాగున్నదాన్ని ఉంచారు, లేనిదాన్ని తీసేశారు. రైతు విత్తనం ఏరినట్టే. 2009లో మన దేశం దాని సాగుకు అనుమతి ఇచ్చింది. ఆ తల్లి రొయ్యలు విమానంలో చెన్నై చేరతాయి. అక్కడి క్వారంటైన్‌లో పరీక్షలయ్యాకే హేచరీలకు వెళ్తాయి. చెరువులో పెరిగిన రొయ్యను తల్లిగా వాడకూడదని నియమం. అక్కడి నుంచి మూడు నాలుగు నెలల్లో పట్టుబడి. ఇవాళ దేశంలో రొయ్య పండించడంలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం.

అయితే ఒక సంగతి రైతులందరూ గుర్తుంచుకోవాలి. జబ్బు లేని వంశం అంటే జబ్బు రాని వంశమని అర్థం కాదు. ప్రయోగశాలలో శుభ్రంగా పుట్టిన పిల్ల మన చెరువులోకి వచ్చాక మన నీళ్లనే తాగాలి, మన బురదలోనే నడవాలి. అది అడవి ప్రాణిలా తన దారి తాను చూసుకోలేదు. ఏరేటరు తిరగకపోతే దానికి ఊపిరి లేదు. రాత్రి రెండు గంటలకు కరెంటు పోతే, జనరేటరు తిరగడం మొదలయ్యేదాకా రైతు గట్టు మీదే నిలబడతాడు. చెక్‌ట్రే ఎత్తి టార్చిలైటు వేసి మేత తిన్నదా లేదా అని చూస్తాడు. చూడటానికి రొయ్య రైతు చేతిలో ఉంది. నిజానికి రైతు నిద్ర రొయ్య చేతిలో ఉంది. పెంపకంలోకి తేవడమంటే ఇదీ. ఆ ప్రాణి మన మీద ఆధారపడుతుంది, మనం దాని మీద ఆధారపడతాం. ఇద్దరికీ వెనక్కి దారి ఉండదు.

మన టైగర్ రొయ్యను కూడా ఇలాగే పెంపకంలోకి తేవాలని ప్రయత్నాలు జరిగాయి. అండమాన్‌లో రాజీవ్ గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రం అందుకోసమే ఒక ప్రాజెక్టు నడిపింది. ఈ మధ్య కాలంలో అలా ఏరి పెంచిన టైగర్ వంశాలు మళ్లీ చెరువుల్లోకి వస్తున్నాయి. చేపల సంగతీ ఇంతే. గుడివాడ, కైకలూరు వైపు చెరువుల్లో పెరిగే బొచ్చె, శీలావతి నిలవ నీటిలో గుడ్లు పెట్టవు. వాటి పిల్లల్ని ఒకప్పుడు వరద వేళ నదుల్లో పట్టి తేవాల్సిందే. 1957 జూలై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి సూదిమందుతో చేపలు గుడ్లు పెట్టేలా చేశాక ఆ కష్టం తీరింది. ఆ తేదీనే దేశమంతా చేపల రైతుల దినోత్సవం చేసుకుంటున్నాం. తర్వాత శీలావతిని తరాల తరబడి ఏరి, త్వరగా ఎదిగే జయంతి రకాన్ని తయారుచేశారు. ఏ మాటతో పిలిచినా ఇది మచ్చిక కాదు. ఆ చేపకు మనమెవరమో తెలియదు.

వరి కూడా ఇలాగే వచ్చింది. అడవి వరికి మన పాత పేరు నివ్వరి. మంత్రపుష్పంలో నీవారం అన్న పేరుతో దాన్ని రోజూ వింటాం. పండగానే గింజ రాలిపోవడం దాని గుణం. రాలితేనే దాని సంతానం నేలకు చేరుతుంది, మళ్లీ మొలుస్తుంది. ఎప్పుడో ఒక మనిషి రాలకుండా కంకికి పట్టుకుని ఉన్న గింజల్ని కోసి తెచ్చుకున్నాడు. తెచ్చుకున్నవే మళ్లీ చల్లాడు. అలా ఏడాది వెంట ఏడాది గడిచి, కోత కోసేదాకా కంకిని వదలని వరి మనకు మిగిలింది. డెల్టాలో చాలామంది వేసే బీపీటీ 5204 వరి కంకిని ఈసారి చేతిలోకి తీసుకుని మెల్లగా నలపండి. గింజ అంత తేలిగ్గా ఊడి రాదు. ఆ పట్టే వేల ఏళ్ల సాగు. అంతటి సాగు వరి కూడా ఒక సందర్భంలో అడవి వరి తలుపు తట్టింది. 1970ల నాటికి ఆసియాలో వరిని గ్రాసీ స్టంట్ అనే వైరస్ తెగులు పీడిస్తే, దాన్ని తట్టుకునే గుణం వేల రకాలు వెదికినా ఎక్కడా దొరకలేదు. చివరికి మన దేశపు నివ్వరిలో దొరికింది. ఊళ్లోకి వచ్చినది, అవసరానికి అడవిలోని అక్కను అప్పు అడిగిందన్నమాట.

నీళ్ల గురించి కూడా ఒక్క మాట చెప్పాలి. నదుల్ని టేమ్ చేశారని ఇంగ్లీషు పుస్తకాలు రాస్తాయి. 1832, 1833ల్లో గుంటూరు సీమను ఊడ్చిన డొక్కల కరువు తర్వాత కృష్ణకు ఆనకట్ట ఆలోచన బలపడింది. కెప్టెన్ చార్లెస్ ఓర్ పర్యవేక్షణలో 1855 నాటికి బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది. వంద ఏళ్ల తర్వాత, 1957లో, దాని స్థానంలో ప్రకాశం బ్యారేజి వచ్చింది. మన రైతు దాన్ని కట్ట అన్నాడు, కాలువ అన్నాడు. నదిని లొంగదీశామని ఎన్నడూ అనలేదు. కాలువ చివరన ఉన్న బందరు వాళ్లకు, దివిసీమ వాళ్లకు ఎందుకో బాగా తెలుసు. 1864 నవంబరు 1 రాత్రి సముద్రం బందరు మీదికి వచ్చింది. సుమారు 30,000 మంది పోయారు. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి వచ్చింది. పదివేలకు పైగా ప్రాణాలు పోయాయి. ఆనాటి పెద్దలు ఇంకా ఆ ఊళ్లల్లో ఉన్నారు. ఉప్పెన అన్న మాట వాళ్ల ముందు ఎవరూ ఊరికే అనరు. ఆ అలను అంతో ఇంతో ఆపేది మడ అడవి. కృష్ణ ముఖద్వారం దగ్గర అభయారణ్యంలో మిగిలిన మడ చెట్ల మధ్య బావురుపిల్లి ఈనాటికీ నీళ్లల్లోకి చెయ్యి పెట్టి చేప పట్టుకుంటుంది. రేవులో చేపతల కోసం కాళ్ల చుట్టూ తిరిగే మన ఊరిపిల్లికి అది దూరపు చుట్టం. ఇది మన చేతి వైపు చూస్తుంది. అది మన వైపే చూడదు. రెండూ ఉండాలి.

ఇప్పుడు నేను చెప్పదలచుకున్నది చెబుతాను. పిల్లలకు పాఠాలు చెప్పే ఉపాధ్యాయులకు, పత్రికల్లో అనువాదాలు చేసే మిత్రులకు నా మనవి ఇది. ఇంగ్లీషులో డొమెస్టికేషన్ అని కనిపించగానే మచ్చిక అని రాసేయకండి. జాతి మొత్తాన్ని తరాల మీద మార్చినప్పుడు, పంటకైతే సాగులోకి తేవడం అనండి, జంతువుకైతే పెంపకంలోకి తేవడం అనండి. మచ్చిక అన్న మాటను మాత్రం దాచుకోండి. ఒక ప్రాణి తనంతట తానుగా దగ్గరికి వచ్చినప్పుడే వాడండి. ఒకరి గుండె ఒకరికి తెలిసినప్పుడు వాడాల్సిన మాట అది. దాన్ని రొయ్యకూ వరికీ పంచేస్తే, ఆ కుక్కకూ ఆ పెద్దాయనకూ మధ్య ఉన్నదానికి మనకు మాట మిగలదు.

చెరువు రైతులకు ఇంకొక మనవి. మన సాగు వేట మీద, మన ఊరు అడవి మీద నిలబడి ఉన్నాయి. తల్లి రొయ్యకు సముద్రం, వరికి నివ్వరి, ఊరికి మడ అడవి. వాటిని కాపాడుకోవడం సాగులో భాగమే. చెరువు నీటిని శుద్ధి చేయకుండా ఉప్పుటేట్లోకి వదలకండి. చెరువు కోసం మడ చెట్టు నరకకండి.

జూన్ 14 అర్ధరాత్రి దాటగానే గిలకలదిండి బోట్లు మొగ వైపు కదులుతాయి. తిరిగి వచ్చేటప్పుడు వలలో ఏముంటుందో వాళ్లకు ఇంకా తెలియదు.